లోపల వదిలిన గుడ్డ

టౌన్‌హాల్లో గాజు పెట్టెలో ఒక కోటు ఉంది. చెక్క బొమ్మకి తొడిగి, రెండు పక్కలా దీపాలు పెట్టి, కింద ఇత్తడి రేకు మీద మా తమ్ముడు పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, ఆ పక్కన "వీరుడు" అని చెక్కించారు. వచ్చినవాళ్ళు రేకు చదివి నిట్టూర్చి వెళ్ళిపోతారు. కుట్టు పని తెలిసినవాళ్ళెవరైనా వస్తే మాత్రం కాలరు దగ్గర కాసేపు నిలబడి, "ఎవరు కోశారండీ దీన్ని?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

వాడి గురించి టౌన్‌హాలువాళ్ళు ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. అందులో వాడికి "బాల్యం నుంచే నాయకత్వ లక్షణాలు" ఉన్నాయట. ఆ బాల్యం సగం నా చంకలోనే గడిచింది, నాకు తెలియని లక్షణాలా? అందుకే నాకు తెలిసిన వాణ్ణి గురించి నేను చెప్తాను. అసూయతో చెప్తోందిలే అనుకుంటారేమో. అనుకోండి, అసూయతోనే చెప్తున్నాను. వాడంటే నాకు మొదటి నుంచీ కుళ్ళే. వాడు పోయాడు కాని అది పోలేదు.

మాది దర్జీ షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక గళ్ళ పరదా. షాపులో సగం చోటు కోత బల్లదే. బల్ల పైన గోడకి ఒక మేకు, ఆ మేకుకి కత్తెర. మా తాత చేతి నుంచి నాన్న చేతికొచ్చిన కత్తెర అది. నల్లటి పిడికి మెత్తటి గుడ్డ చుట్టి ఉండేది. షాపులో ఎంతమంది కుట్టినా కోసేవాడు ఒక్కడే, కత్తెర వాడిది. మిగతావాళ్ళు ముట్టుకోకూడదు. కాగితం కోయడం అసలే కుదరదు, కాగితం కోస్తే పదును పోతుంది. ఏడేళ్ళప్పుడు నేను బొమ్మకి గౌను కోద్దామని స్టూలెక్కి ఆ కత్తెర అందుకున్నాను. చెంప పేలిపోయింది.

తమ్ముడికి మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాకప్పుడు తొమ్మిది. అప్పట్నించి వాణ్ణి ఎత్తుకోవడం, తినిపించడం, ముక్కు తుడవడం అన్నీ నా పనులే. వాడేమో చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన అధికారిలా షాపులో అటూ ఇటూ తిరిగేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఏం దొరా, పనులన్నీ సక్రమంగా జరుగుతున్నాయా?" అని నవ్వేవాళ్ళు. అలా వాడు దొర అయ్యాడు. నన్ను మాత్రం ఎవరూ దొరసాని అనలేదు.

ఒకరోజు దొర మేకు వైపు వేలు చూపించి కత్తెర కావాలన్నాడు. నాన్న తీసి ఇచ్చాడు! వాడు పాత పేపరు పరిచి గుర్రాన్ని కోశాడు. గుర్రమని వాడన్నాడు, నాకు మేకలా కనిపించింది. నాన్న పొంగిపోయాడు. "చెయ్యి చూడవే, ఎలా తిరుగుతోందో!" అన్నాడు నాతోనే. పదును సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. కాదన్నదెవరు? కాని ఆ గూట్లో నేను కూడా ఉన్నాను కదా.

నాకు కడుపు మండిన విషయాల్లో అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. అది చెప్పాలంటే ముందు బట్టల సంగతి చెప్పాలి.

పెరిగే పిల్లలకి బట్టలు కుట్టేటప్పుడు కుట్టు లోపల కొంత గుడ్డ ఎక్కువ వదులుతారు. పిల్లాడు ఒళ్ళు చేస్తే ఆ కుట్టు విప్పి, లోపల గుడ్డని బయటికి తీసి మళ్ళీ కుడతారు. మామూలుగా ఒక వేలు వెడల్పు వదులుతారు. దొరకి నాన్న మూడు వేళ్ళు వదిలేవాడు. కొత్త గుడ్డ, మంచి గుడ్డ, పైగా లోపల మూడు వేళ్ళు! నా గౌన్లేమో మిగిలిన ముక్కల్లోంచి వచ్చేవి. వీపు ఒక రంగు, చేతులు ఒక రంగు. ముక్కల్లో లోపల వదలడానికి ఏముంటుంది? "ఆడపిల్ల ఎంతని పెరుగుతుందిలే" అనేవాడు నాన్న. నేను పెరిగాను. చంకల దగ్గర కుట్లు పటపటా ఊడేవి. నా గౌను కుట్టు నేనే వేసుకుని, ఆ చేత్తోనే దొర చొక్కాకి మూడు వేళ్ళు లోపలికి మడిచి కుట్టేదాన్ని.

దొర మధ్యాహ్నం నిద్ర కోత బల్ల మీదే. ఒకరోజు అక్కణ్ణించి దొర్లి కిందపడ్డాడు. నేను నాలుగు కాజాలు కుడదామని అటు తిరిగానంతే. ఎడమ భుజం ఎముక విరిగింది. అతుక్కుంది కాని ఆ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉండిపోయింది. ఆ రోజు నాకు పడిన దెబ్బలకి ఎముకలు విరగలేదు కాబట్టి అవి లెక్కలోకి రావు. తర్వాత వాడి ప్రతి కోటుకీ ఎడమ భుజంలో ఒక పొర గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టేవాళ్ళం. పైకి రెండు భుజాలూ సమంగా కనిపించేవి. ఈ సంగతి నాన్నకి, నాకు, దొరకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాడికి పదహారు నిండగానే నాన్న కోత నేర్పడం మొదలుపెట్టాడు. నేను అప్పటికి ఆ షాపులో అన్ని మిషన్ల మీదా పదేళ్ళుగా కుడుతున్నాను. గుడ్డ చూస్తే ఎక్కడ కోయాలో నాకు కనిపించేది, ఎవరు అడిగారు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. దొర మొదటిసారి ఒక పెద్దమనిషి ప్యాంటు కోశాడు. కోసి చూస్తే రెండూ ఎడమ కాళ్ళే! గుడ్డని తిరగేసి పరవడం మర్చిపోయాడు. నాన్న కోప్పడతాడని నేను పరదా వెనక ఆశగా నిలబడ్డాను. నాన్న పగలబడి నవ్వాడు. "మొదట్లో నేను చొక్కాకి మూడు చేతులు కోశాను, వీడు నయం" అన్నాడు. ఆ గుడ్డలో ఆ పెద్దమనిషి కొడుక్కి రెండు నిక్కర్లు తేల్చింది నేను. పెద్దమనిషి వచ్చి చూసుకుని, "మాస్టారూ, మీ చేతిలో మాయ ఉంది" అని నాన్నని మెచ్చుకుని వెళ్ళాడు.

దొరకి కత్తెర మీద మనసు లేదు. అది నాకు తెలుసు, నాన్నకి తెలియదు. వాడు ఎవరికీ చెప్పకుండా సైన్యం పరీక్ష రాసి, ఆఫీసర్ల ట్రైనింగ్ స్కూల్లో సీటు తెచ్చుకున్నాడు. వాడు వెళ్ళేరోజు నాన్న కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి, మళ్ళీ మేకుకి తగిలించి, "నువ్వొచ్చేదాకా నేను వాడుతుంటానురా" అన్నాడు. పక్కనే మిషను మీద నేను ఉన్నాను. ఆ మాట విని దారం తెగేదాకా తొక్కాను.

వాడు ఆఫీసరై వచ్చిన రోజు మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. బూట్లలో మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. నాకు నాలుగు వీధుల అవతల బస్సు డ్రైవరుతో పెళ్ళయి అప్పటికి కొన్నేళ్ళు. అయినా రోజూ షాపుకొచ్చి కుట్టేదాన్ని. మా ఆయన వాడి బూట్లు చూసి, "మీ తమ్ముడు బాగున్నాడే" అన్నాడు. "బూట్లు బాగున్నాయి" అన్నాను నేను.

దొర కెప్టెన్ అయ్యాక, వేడుకలకి వేసుకునే కోటు నాన్నే కోశాడు. మామూలుగా సైన్యంలోనే కుట్టిస్తారట, నాన్న ఒప్పుకోలేదు. ఇరవయ్యేడేళ్ళ మనిషికి, ఇంక ఒక్క అంగుళం కూడా పెరగనివాడికి, లోపల మూడు వేళ్ళ గుడ్డ వదిలాడు.

"ఇప్పుడెందుకు నాన్నా అంత? వాడేమైనా చిన్నపిల్లాడా?" అన్నాను.

"ఇప్పుడు కెప్టెన్. రేపు మేజర్ అవుతాడు. పదవితో పాటు పొట్ట కూడా వస్తుందే, అప్పుడు విప్పుకోవద్దూ?" అన్నాడు నాన్న.

దొర పొట్ట తడుముకుని, "అక్కా, పొట్ట రాకపోతే ఆ గుడ్డ నీ బ్లౌజుకి ఇచ్చేస్తాలే" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నన్ను ఎప్పుడూ అలాగే ఉడికించేవాడు. ఆ సాయంత్రమే పరదా వెనక్కొచ్చి, ఒక సూదీ దారం తీసుకుని నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఆ జేబు కుట్టు మళ్ళీ ఒకసారి చూపించవే. అక్కడ జేబులు చిరిగితే కుట్టేవాడు లేడు."

చూపించాను. నా పద్ధతి వేరు. ముడి వేసే ముందు దారాన్ని ఒకే రంధ్రంలోంచి రెండుసార్లు తిప్పి వెనక్కి లాగుతాను. దాంతో ముడి గుడ్డలోకి పోయి దాక్కుంటుంది, పైకి కనపడదు. వాడు మూడోసారికి పట్టేశాడు. చిన్నప్పుడు ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే రెండు ఎడమ కాళ్ళు కోసేవాడు కాదు, ఆ మాటే అన్నాను. వాడు నవ్వాడు. వాడితో నేను మాట్లాడిన ఆఖరు సాయంత్రం అదే.

తర్వాత యుద్ధం వచ్చింది. షాపులో కోట్లు కుట్టడం పోయి ఇసుక సంచులు కుట్టడం మొదలైంది. సంచికి కోత ఏముంది, అయినా నాన్నే కోసేవాడు, చేతులు వణుకుతున్నా సరే. కళ్ళలో శుక్లాలు కూడా అప్పుడే ముదిరాయి. సంచులు వంకరగా వస్తే ఇసుక ఏమీ అనుకోదు కదా అనేవాడు.

వాడు పోయాడన్న కబురు తెచ్చిన ఇద్దరు ఆఫీసర్లు టోపీలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నాన్న వాళ్ళ మాట పూర్తిగా విని, "కోటు?" అని అడిగాడు. సామాన్ల ట్రక్కు తగలబడిపోయిందని, దాంతోపాటే కోటు కూడా పోయిందని చెప్పారు. నది దాటుతూ పడిపోయిన మనిషిని ఆ నది తిరిగి ఇవ్వలేదట. నాన్న బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ, టీలు ఇస్తూ, "చూశావా, ఇవాళ కూడా అంతా వాడి గురించే" అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు సిగ్గు కూడా వేయలేదు. కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియలేదు.

యుద్ధం ఆగిన కొన్నాళ్ళకి దొర కంపెనీలో పనిచేసిన సార్జెంట్ చేతికర్రతో కుంటుకుంటూ వచ్చాడు. నాన్న ఆయన్ని కోత బల్ల పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నేను టీ ఇచ్చి మిషను దగ్గర కూర్చున్నాను.

"మా సారుని కంపెనీలో అందరం దర్జీ కెప్టెన్ అనేవాళ్ళమండీ" అన్నాడు సార్జెంట్.

దర్జీ! పొద్దున్నించి సాయంత్రం దాకా మిషను తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్నది నేను, షాపు వదిలి పారిపోయినవాడికి ఆ బిరుదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇంకేమిటి?

"ఎందుకలా అనేవాళ్ళు?" అన్నాడు నాన్న ముందుకి వంగి.

"కదిలే ముందు ప్రతివాడి జేబులూ తిరగేసి చూసేవారండి. జేబుకి చిల్లుంటే తూటా నిలవదు, తూటా లేకపోతే నువ్వు నిలవవు అనేవారు. చిరిగినవి తీసుకుని తనే కుట్టేవారు. మొదట్లో మేం చాటుగా నవ్వుకున్నాం. నది దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదండి."

నది కథ అప్పుడు చెప్పాడు. మన సైన్యం వెనక్కి వస్తోంది. దొర కంపెనీ అవతలి ఒడ్డున నిలబడి, గాయపడినవాళ్ళు, ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు దాటేదాకా శత్రువుని ఆపాలి. దాటించడానికి ఉన్న పడవలు ఫిరంగి దెబ్బలకి మునిగిపోయాయి. గాయపడినవాళ్ళు ఒడ్డున వరసగా పడి ఉన్నారు. దొర ట్రక్కుల మీది టార్పాలిన్లు దింపించాడు. నేల మీద పరిచి, బొగ్గుతో గీతలు గీసి, కత్తితో కోసి, పెద్ద పెద్ద దిండు గలీబుల్లా కుట్టించాడు. వాటిలో ఎండుగడ్డి కూరి, మూతులు బిగించి, నాలుగేసి కలిపి పలకలకి కట్టించాడు. అవి తేలాయి. ఒక్కోదాని మీద నలుగురు పడుకుని దాటారు.

"కోత ఒక్క చోట కూడా వంకర పోలేదండి. ఏ ముక్కకి ఆ ముక్క ఎదురుబొదురుగా సరిపోయింది" అన్నాడు సార్జెంట్.

గుడ్డని తిరగేసి పరవడం నేర్చుకున్నాడన్నమాట, అనుకున్నాను. నేర్చుకోవడానికి వాడికి యుద్ధం కావలసి వచ్చింది.

"కుట్లు రెండు వరసలు వేయించారండి. నీళ్ళు సందు వెతుకుతాయిరా అనేవారు. అందరూ దాటాక మేం నలుగురం మిగిలాం. నా కాలికి అప్పటికే తగిలింది. నన్ను ఎక్కించి పంపేశారు. వైర్‌లెస్ కుర్రాడు వెనక ఇంట్లో ఉండిపోయాడని, వాడికోసం సారు తిరిగి వెళ్ళారు. వాణ్ణి తీసుకొచ్చి తెప్ప మీద సగం నది దాటారు. నేను ఇవతలి ఒడ్డు నుంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడు పడిందండి గుండు." సార్జెంట్ చేతికర్రని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. "ఆ తెప్ప మర్నాడు కింద రేవులో దొరికింది. పలకలు ముక్కలైపోయాయి. కుట్లు మాత్రం ఊడలేదండి."

నాన్న కళ్ళు మూసుకుని, బల్ల మీద చేత్తో మెల్లగా రాస్తున్నాడు.

"మీతో చివరగా ఏమన్నాడు?" అని అడిగాను నేను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. మా తమ్ముడి ఆఖరు మాట ఈ పరాయి మనిషి దగ్గర ఉంది, నా దగ్గర లేదు.

"కోటు గుండీలు పెట్టుకోవయ్యా, నీళ్ళ మీద చలిగా ఉంటుంది అన్నారండి. అంతే."

తర్వాత ఆయన తన కోటు జేబు తిప్పి చూపించాడు. "ఇది సారు కుట్టిందేనండి. చూడండి, ముడి ఎక్కడా కనపడదు."

నేను లేచి వెళ్ళి ఆ జేబుని వేళ్ళతో పట్టుకుని చూశాను. దారం ఒకే రంధ్రంలోంచి రెండుసార్లు తిరిగి వెనక్కి వెళ్ళింది. నా కుట్టు. ఏ ఊళ్ళో, ఎన్ని కోట్ల మధ్య చూపించినా గుర్తుపడతాను.

"ఇంత బాగా ఎలా నేర్చుకున్నారు సార్ అని అడిగేవాళ్ళం. మా నాన్న నేర్పాడయ్యా అనేవారు" అన్నాడు సార్జెంట్.

మా నాన్న! నోటిదాకా వచ్చింది. నాన్న జన్మలో జేబు కుట్టి ఎరగడు, కోత వరకే ఆయన పని అని అరుద్దామనుకున్నాను. నాన్న వైపు తిరిగాను. కబురు వచ్చిన రోజు నుంచి నల్లబడిపోయిన ఆ మొహం అప్పుడే కాస్త తెరిపిన పడింది. "అలా అన్నాడా? నా పేరు చెప్పుకున్నాడా వాడు?" అని సార్జెంట్ చెయ్యి పట్టుకుని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. నేను జేబు వదిలేసి, "ఇంకో టీ తెస్తాను" అని లోపలికి వెళ్ళిపోయాను. చచ్చి కూడా వాడే గెలిచాడు.

ఆ తర్వాత సైన్యం వాడిని మేజర్ని చేసింది. పోయాక ఇచ్చే పదవి. మునిసిపల్ చైర్మన్ వచ్చి, టౌన్‌హాల్లో పెట్టడానికి మేజరు కోటు ఒకటి కావాలని, సైన్యం గుడ్డ పంపిందని, ఏదైనా పెద్ద కంపెనీలో కుట్టిస్తామని అన్నాడు.

"నా కొడుకు కోటు నా బల్ల దాటి పోదు" అన్నాడు నాన్న.

"మీ చేతులు వణుకుతున్నాయి కదండీ మాస్టారూ."

నాన్న తడుముకోలేదు. "ఎదురు షాపు మాస్టర్ని పిలుస్తాను. ఆయన కోస్తాడు."

చైర్మన్ గుడ్డ బల్ల మీద పెట్టి, "ఒక్క మాట. చెక్క బొమ్మకి తొడుగుతాం, దీపాలు పడతాయి. లోపల మడతలు ఎక్కువుంటే పైకి గట్టులా కనిపిస్తాయట. ఒంటికి అతికినట్టు ఉండాలి. ఎక్కువ గుడ్డ ఏమీ వదలొద్దు" అని చెప్పి వెళ్ళాడు.

ఆయన గుమ్మం దిగేదాకా ఆగాను. తర్వాత ఆగలేదు.

"నాన్నా, ఇంట్లో కూతురుండగా ఎదురు షాపు మనిషెందుకు?"

"నువ్వు కుడతావుగా."

"కోస్తాను కూడా."

"నువ్వెప్పుడు కోశావే?"

"నువ్వెప్పుడు కోయనిచ్చావు? కాగితం గుర్రాలు కోసినవాడికి కత్తెర ఇచ్చావు. రెండు ఎడమ కాళ్ళు కోసినవాడికి ఇచ్చావు. వాడు వెళ్ళిపోతే వాడొచ్చేదాకా అని మేకుకి తగిలించావు. వాడింక రాడు నాన్నా. ఎదురు షాపాయన మంచి మాస్టరే, కాదనను. దొర ఎడమ భుజం సంగతి తెలుసా ఆయనకి?"

నాన్న గోడ తడుముకుంటూ వెళ్ళి, కత్తెర దించి, బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటే గుడ్డ. తప్పు కోశావంటే ఇంకో ముక్క దొరకదు. కుట్టడం అయ్యాక నేను చేత్తో చూస్తాను. తప్పొచ్చిందా, ఈ కత్తెర, షాపు రెండూ ఎదురు షాపాయనకి ఇచ్చేస్తాను, నువ్వు ఆయన కింద కుట్టుకో. రాలేదా, నీదే."

"ఒప్పుకున్నాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీశాను. వాడి కొలతలు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గీస్తున్నంతసేపూ మనసులో ఒకటే అనుకున్నాను. జన్మంతా మూడు వేళ్ళు వదిలించుకున్నావు కదరా దొరా, ఈసారి నీకు ఒక్క పోగు ఎక్కువ వదలను. చైర్మన్ వద్దన్నాడు, నాకూ ఇష్టం లేదు. ఇప్పుడు నీకు అతికినట్టు కోస్తాను, నా గౌన్లు అతికినట్టు.

కత్తెర అనుకున్నదానికన్నా బరువుంది. గుడ్డ చుట్టిన పిడి నాన్న బొటనవేలి దగ్గర గుంట పడి ఉంది. నా వేలు అందులో లూజుగా ఆడింది. నాన్న కుర్చీలో కూర్చుని చప్పుడు వింటున్నాడు.

"ఆగకు. మధ్యలో ఆగితే అంచుకి రంపంలా పళ్ళు పడతాయి" అన్నాడొకసారి. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆగలేదు. వీపు, ముందు భాగాలు, చేతులు, కాలరు. ముందు భాగాలకి గుడ్డని తిరగేసి పరిచాను లెండి. కుట్టడం నాకు కొత్త కాదు. ఎడమ భుజంలో ఒక పొర ఎక్కువ పెట్టాను. ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి, నాన్న ముందు బల్ల మీద పరిచాను. మా ఆయన ఆ రోజు బస్సు డ్యూటీ మార్చుకుని మరీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఓడితే ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు.

నాన్న ముందు కాలరు పట్టుకున్నాడు. వేళ్ళతో అంచు చివరిదాకా వెళ్ళి, "ఊఁ" అన్నాడు. భుజాల మీద రెండు చేతులూ పెట్టాడు. ఎడమ భుజం నొక్కి చూసి, అక్కడే కాసేపు చెయ్యి ఉంచేశాడు. కాజాలు లెక్కపెట్టాడు. చేతులు తడిమాడు. ఎక్కడా ఆగలేదు.

అప్పుడు కోటు తిరగేశాడు. పక్క కుట్టు వెంట వేళ్ళు పోనిచ్చాడు. సగం దాకా వెళ్ళి ఆ వేళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ ముందుకి వెళ్ళాయి.

"ఇదేంటే?" అన్నాడు.

వంగి చూశాను. కుట్టు లోపల, రెండు పక్కలా, పైనుంచి కింది దాకా, గుడ్డ ఉంది. రెండు వేళ్ళ వెడల్పు. నేనే గీశాను, నేనే కోశాను, నేనే మడిచి కుట్టాను, నాకు తెలియలేదు. ఒక్క పోగు వదలనని మనసు ఒట్టు పెట్టుకుంటూనే ఉంది, చెయ్యి దాని మాట వినలేదు. వాడి బట్టలకి లోపల గుడ్డ మడిచి మడిచి దానికి అదే అలవాటు.

"చైర్మన్ ఏమని చెప్పాడు? లోపల గుడ్డ ఎవరికోసం వదిలావు?" అన్నాడు నాన్న.

చెక్క బొమ్మకి పొట్ట రాదు. నది నుంచి వాడు రాడు. తప్పు కోశాను. కత్తెర పోయింది, షాపు పోయింది. గుమ్మంలో మా ఆయన చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

నాన్న ఆ మడతని బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పట్టుకుని, కొలుస్తున్నట్టు, వదలకుండా చాలాసేపు కూర్చున్నాడు.

"మేజరు కదే వాడు," అన్నాడు చివరికి. "నేనైతే ఇంకో వేలు వదిలేవాణ్ణి."

తర్వాత బల్ల మీద తడిమి, కత్తెర దొరకబుచ్చుకుని, పిడి నా వైపు ఉండేలా తిప్పి నా ముందుకి జరిపాడు. "ఆ మేకు కాస్త కిందికి కొట్టించుకో. స్టూలెక్కి పడతావు."

కత్తెర నాదైంది. సంతోషించాలి కదా? నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఇంకో వేలట! ఇన్నేళ్ళకి నేను కోసిన మొదటి కోటు, దాంట్లో కూడా వాడికి నేను వదిలింది చాలలేదు. ఆ కోటు మీద తల పెట్టి ఏడుపు మొదలుపెట్టాను. కబురు తెచ్చిన రోజు రానిదంతా వచ్చింది. మా ఆయన కంగారుగా లోపలికొచ్చి, "గెలిచావుగా, మళ్ళీ ఈ ఏడుపేంటి?" అన్నాడు.

"కుళ్ళుతో ఏడుస్తున్నాను, పోనివ్వండి" అన్నాను.